వేటకెళ్ళొచ్చిన డబ్బు

విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, "అక్కా, మా ఇద్దరి జీతాలూ కలిపితే ఇంతొస్తాది, పిల్లల్తో సహా బయట దేశం ఎల్లిపోగలమేటి?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళకి నా నోటి నుంచి ఒక అంకె కావాలి. నేను అంకె చెప్పను. అది ఆ దేశం వాళ్ళే చెబుతారు, కంప్యూటర్లో కొట్టి చూసుకోండి అంటాను. ఒక్కటి మాత్రం అడుగుతాను: మీ డబ్బు ఆర్నెల్లు పనికెళ్ళకుండా ఇంట్లో కూర్చోగలదా అని. కొంతమంది నాకు పొగరెక్కిందనుకుని ఫోన్ పెట్టేస్తారు. పెట్టెయ్యనీ. పొగరు నాకు పుట్టినప్పట్నుంచీ ఉంది, విమానమెక్కాక కొత్తగా వచ్చింది కాదు.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుని. మా ఆయన నాకు మేనమామ కొడుకే, చిన్నప్పట్నుంచీ బావా అనే పిలుపు, పెళ్ళయ్యాకా అదే. ఓడల మరమ్మతు యార్డులో కాంట్రాక్టు వెల్డరు. ఇద్దరం ఫిషింగ్ హార్బర్ వెనక వీధిలో పుట్టాం. ఆయన పదో తరగతి తప్పాక వల పట్టనని మొండికేసి వెల్డింగ్ నేర్చుకున్నాడు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు, మా తమ్ముడు ఇంకొకరితో కలిసి బోటు నడుపుతాడు, మా అమ్మ ఆ బోటు చేపని హార్బర్లో వేలం వేస్తుంది. మాకో కూతురు, అప్పటికి రెండో తరగతి. గాజువాకలో రెండు గదుల అద్దిల్లు. బావకి ఓడ ఉంటే పని ఉండేది, ఓడ లేకపోతే ఇంట్లో కూర్చుని సీలింగ్ ఫ్యాన్ విప్పి మళ్ళీ బిగించేవాడు.

వెళ్ళిపోవాలన్న ఆలోచన ఒక జీతం కాగితం వల్ల వచ్చింది. మా వార్డులో పద్దెనిమిదేళ్ళు పని చేసిన సిస్టరుగారు తన కాగితం బల్ల మీద మర్చిపోయి వెళ్ళారు. చూడకూడదు, చూశాను. నా జీతం కంటే నాలుగు వేలు ఎక్కువ. అంటే నేను ఇంకో పదేళ్ళు మంచాల మధ్య నడిస్తే నాకు దొరికేది ఆ నాలుగు వేలు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా బావతో అన్నాను, "మనం ఎల్లిపోతన్నాం. ముగ్గురం కలిసే. ఒకలు ముందు, ఒకలు ఎనక అన్న మాటే వొద్దు." ఆయన పిల్లకి జడ వేస్తున్నాడు. "ఎక్కడికే?" అని కాదు, "ఎప్పుడే?" అని అడిగాడు. అందుకే ఆయనంటే నాకిష్టం.

ఏ దేశమో ఇక్కడ రాయను. చలిదేశం అనుకోండి, సరిపోతుంది.

చుట్టాల్లో ఈ మాట పాకడానికి వారం పట్టలేదు. ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ, పదిమంది వినేలా, "ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరిందంట" అంది. నేను వడ్డన ఆపి, "ఉట్టి నిండా మీ సేతులే ఉన్నాయి కదా పెద్దమ్మా, సొర్గంలోనైనా కాలీ దొరుకుతాదేమో సూసుకుందారని" అన్నాను. బావ నా మోచెయ్యి గిల్లాడు. పెద్దమ్మ ఆ తర్వాత రెండేళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు, నాకేమీ లోటు కాలేదు.

ద్వారకానగర్లో మూడో అంతస్తులో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం. అక్కడ టై కట్టుకున్న కుర్రాయన నా సర్టిఫికెట్లు చూసి, ఇంగ్లీషు పరీక్షలో ఈ మార్కులొస్తే చాలు మేడమ్, నర్సులకి తేలికే అన్నాడు. రాశాను, మొదటిసారే వచ్చాయి. ఆ మార్కులు రెండేళ్ళే చెల్లుతాయి. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ముగ్గురు వెళ్ళాలంటే అక్కడ కాలు నిలదొక్కుకోవడానికి పదిహేను లక్షలు నా పేరున్న ఖాతాలో ఉండాలి. జనవరి మొదటి రోజు నుంచి జూన్ ఆఖరి రోజు దాకా ఒక్క రోజు కూడా అంతకు తగ్గకూడదు. దరఖాస్తు జులైలో, ఏడాదికి ఒక్కసారే. "మీ జీతమెంతో వాళ్ళకి పట్టదు మేడమ్, బ్యాలెన్స్ కదలకుండా ఉండాలి" అన్నాడు. నేను ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీశాను.

మాలాంటి వాళ్ళకి పదిహేను లక్షలు ఎక్కడివని మీకనిపిస్తే, అడగండి, సిగ్గేమీ లేదు. భీమిలి రోడ్డులో వాయిదాల మీద కొనుక్కున్న చిన్న స్థలం అమ్మేశాం. పెళ్ళి నాటి బంగారంలో తాళి తప్ప అన్నీ వెళ్ళిపోయాయి. మిగతాది అమ్మ బోణీ డబ్బు.

హార్బర్లో చేపలమ్మే ఆడవాళ్ళకి బోణీ అంటే మాటలు కాదు. పొద్దున్న మొదటి బేరం డబ్బు కళ్ళకద్దుకుని, మిగతా డబ్బుతో కలపకుండా కొంగు చివర విడిగా ముడేస్తారు. చాలామంది సాయంత్రానికి ఆ ముడి విప్పేస్తారు. మా అమ్మ విప్పేది కాదు. నాన్న పోయిన ఏడాది నుంచి, ఎంత కటకటగా ఉన్నా, బోణీ డబ్బు బియ్యం డబ్బాలోకే వెళ్ళేది. నేను నర్సింగులో చేరినప్పుడు ఆ డబ్బు పెట్టడానికే అమ్మకీ నాకూ కలిపి బ్యాంకులో ఖాతా తెరిచాం. అమ్మకి అక్షరాలు రావు, అంకెల్లో మాత్రం ఎవడూ ఆమెని మోసం చెయ్యలేడు. వేలిముద్ర వేసి జమ చేసొచ్చేది. పాస్‌బుక్కు ఆమె దగ్గరే, ఆమె ఫోనుకే మెసేజీలు. ఆ ఖాతాలోనే మా స్థలం డబ్బూ బంగారం డబ్బూ వేశాం. జనవరి ఒకటి నాటికి పదిహేను లక్షల పైన పది వేలుంది.

జీవితంలో మొదటిసారి నేను డబ్బున్నదాన్నయ్యాను. ఒక్క పైసా ఖర్చు పెట్టుకునే వీల్లేని డబ్బు, అయినా నడకలో తేడా వచ్చేసింది. డాక్టర్లు కసిరితే నవ్వుకునేదాన్ని. పిల్ల జ్వరానికి మందులు అరువు తెచ్చుకున్నాం కానీ ఆ ఖాతా జోలికి పోలేదు. ఇలా అందరికీ అన్నీ చెప్పుకున్నాను. ఒక్క అమ్మకి, ఆ డబ్బు జూన్ ఆఖరు దాకా కదలకుండా ఉండాలని చెప్పడం మర్చిపోయాను. మర్చిపోయానని కూడా అనను. బ్యాంకులో వేసిన డబ్బు దానంతట అదే కూర్చుంటుందనుకున్నాను. హార్బర్ వెనక పుట్టి ఇలా అనుకున్నానంటే నా బుర్రని ఏమనాలి!

జులైలో స్టేట్‌మెంటు తీసుకున్నాను. పన్నెండు కాగితాలు. ఆఖరి లైను చూశాను. పదిహేను లక్షల యాభై వేలు చిల్లర ఉంది. అనుకున్నదానికంటే ఎక్కువే. వడ్డీ వేసినట్టున్నారు, బ్యాంకువాళ్ళు ఇంత మంచివాళ్ళా అనుకున్నాను, చూశారా నా తెలివి. టై కుర్రాయన కూడా ఆఖరి లైనే చూశాడు. దరఖాస్తు వెళ్ళింది.

అక్టోబరులో జవాబు వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ, డ్యూటీ గదిలో టిఫిన్ బాక్సు మూత తీసి ఫోన్ చూశాను. తిరస్కరించారు. జూన్‌లో తొమ్మిది రోజులు ఖాతాలో ఉండాల్సిన డబ్బు లేదన్నారు. ఎక్కడో పొరపాటు పడ్డారు, అడగాలి అనుకుంటూ బ్యాగులోంచి స్టేట్‌మెంటు తీసి ఈసారి ప్రతి లైనూ చదివాను. పదో కాగితంలో ఉంది. జూన్ మధ్యలో మూడు లక్షలు తీశారు. తొమ్మిది రోజుల తర్వాత మూడు లక్షల నలభై వేలు వేశారు. ఆ తేదీలు చూడగానే నాకు అంతా అర్థమైపోయింది. ఏటా వేసవిలో రెండు నెలలు వేట నిషేధం, గుడ్లు పెట్టే చేపని వదిలెయ్యాలని. జూన్ మధ్యలో ఎత్తేస్తారు. ఆ రోజు హార్బర్లో బోట్లన్నీ ఒకేసారి బయల్దేరతాయి. నా డబ్బు వాటితో కలిసి సముద్రం మీదికెళ్ళింది.

సెలవు పెట్టకుండానే ఆటో ఎక్కాను. అమ్మ వాకిట్లో ఎండు నెత్తళ్ళు తిరగేస్తోంది.

"అమ్మా, జూన్‌లో బ్యాంకు నుంచి మూడు లక్షలు తీసావా?"

"తీసాను, మల్లీ ఎట్టీసాను" అంది తల ఎత్తకుండా. "నలబై ఏలు ఎక్కువే ఎట్టాను. ఏటే, లెక్క తేడా వొచ్చిందేటి?"

"ఎందుకు తీసావు?"

"తమ్ముడికి డీజిలుకీ ఐసుకీ డబ్బులొద్దేటి? సావుకారు కాడికెల్లడం ఎందుకు, మన డబ్బు కాలీగా కూకుంది కదాని తీసాను. కర్సెట్టానేటి? ఏటకి పంపాను. ఎల్లింది, వొచ్చింది. నీ డబ్బుకీ వాటా కట్టించాను." అప్పుడు తలెత్తింది. ముఖంలో సంతోషం. నేను మెచ్చుకోవడానికి వచ్చాననుకుంది.

ఈ వాటా సంగతి చెప్పకపోతే మా అమ్మ మీకు దొంగలా కనబడుతుంది. మా దగ్గర బోటు తెచ్చిన చేప డబ్బుని వాటాలు వేస్తారు. బోటుకొకటి, వలకొకటి, ఇంజనుకొకటి, ఎక్కిన ప్రతి మనిషికీ ఒకటి. డీజిలుకి పెట్టుబడి పెట్టిన డబ్బుకీ వాటా ఉంటుంది, అదీ వేటకెళ్ళిన మనిషితో సమానమే. చేతిలో డబ్బు లేని బోటు షావుకారు దగ్గర బయానా తీసుకుంటుంది. అప్పుడు చేప అతనికే ఇవ్వాలి, ధర కూడా అతనే చెబుతాడు, వేలం ఉండదు. మా తమ్ముడి బోటు ఎప్పుడూ షావుకారు డబ్బుతోనే మొదటి వేటకెళ్ళేది. ఆ ఒక్క జూన్‌లో సొంత డబ్బుతో వెళ్ళింది. అమ్మ ఆ రోజు నడి హార్బర్లో నిలబడి తన బోటు రొయ్యని తానే వేలం పాడింది. నాకు ఇదంతా తెలుసు. తెలిసే అరిచాను.

"నీ వాటా నువ్వే ఉంచుకో! నా ఏడాది గంగలో కలిపీసావ్. ఆ తొమ్మిది రోజులకి నన్ను రావొద్దన్నారు. నా పిల్ల బతుకు, నీ అల్లుడి బతుకు, అన్నీ నీ సేత్తో తీసుకెల్లి ఆ డీజిల్లో పోసీసావ్. ఒక్క మాట అడగాలని తెలీదేటి నీకు?"

అమ్మ నెత్తళ్ళు వదిలేసి లేచి నిలబడింది. ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "నువ్వు సెప్పావేటి?" అంది.

నేను చెప్పలేదు. అందుకని ఇంకా గట్టిగా అరిచాను. చుట్టుపక్కల ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చారు. అమ్మ గొంతు కూడా లేచింది. "ఆర్నెల్లు డబ్బు కూకోబెట్టాలని ఎవడు కనిపెట్టాడే? ఉన్నోలి డబ్బు పడుకుంటాది. మన డబ్బు పనికెల్లకపోతే మనమేటి తింటాం?"

టీ కూడా తాగకుండా వచ్చేశాను. రెండు నెలలు మాట్లాడుకోలేదు. ఆమె మీద కోపమని అందరికీ చెప్పాను. నిజానికి ఆ మాటలో నిజం ఉందని తెలిసి, తెలిసినందుకు కోపం. ఒక పూట చేప వండుకుని ఇంకో పూటకి పెట్టుబడి పెట్టుకునేవాళ్ళం మేము. అందరి దగ్గరా తిరిగొచ్చే డబ్బుని, తిరగకుండా ఆపి చూపించిన వాళ్ళకే దారి తెరుస్తామంటే, ఆ దారి ఎవరి కోసం వేసినట్టు? ఆ ప్రశ్న ఆ దేశం వాళ్ళని అడగడానికి నాకు చిరునామా దొరకలేదు.

కన్సల్టెన్సీకి మళ్ళీ వెళ్ళాం. నా పరీక్ష మార్కులు వచ్చే ఆగస్టు దాటితే చెల్లవు. అంటే ఇంకొక్క జులై. అది దాటితే ఆ దేశం వాళ్ళు నా వయసుకిచ్చే పాయింట్లు కూడా తగ్గిపోతాయి, మళ్ళీ మొదటికే. టై కుర్రాయన గొంతు తగ్గించి రెండు దారులు చెప్పాడు. మొదటిది, ఎవరో ఒకాయన వడ్డీకి డబ్బు తెచ్చి ఆర్నెల్లు మన ఖాతాలో ఉంచి తీసుకుపోతాడట, మన డబ్బు మనం తిప్పుకోవచ్చట. రెండోది, జూన్‌లో మీ అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారని, వైద్యానికి తీశామని ఒక కాగితం పుట్టిద్దాం, అప్పీలు చేద్దాం అన్నాడు.

"మా అమ్మ ఆ రోజు హార్బర్లో నిలబడి ఊరంతా ఇనేలాగ ఏలం పాడింది బాబూ. నువ్వు ఆవిణ్ణి మంచాన పడుకోబెడతావేటి?" అన్నాను. ఆఫీసంతా మా వైపు తిరిగింది. బావ లేచి నిలబడి, "పద" అన్నాడు. మెట్లు దిగుతూ ఆయన ఒక్క మాటే అన్నాడు. "అత్త దొంగతనం సెయ్యలేదే, నీకు జీతం తెచ్చింది."

డిసెంబరు ఆఖర్లో, ఒక మధ్యాహ్నం అమ్మ సిటీ బస్సెక్కి గాజువాక వచ్చింది. నేను తలుపు తీశాను. లోపలికొచ్చి, మనవరాలికి తెచ్చిన జంతికల పొట్లం ఇచ్చి, కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పాస్‌బుక్కు.

"ఇది నీ కాడ ఉంచు. బోటు ఒడ్డునుంటే నా సెయ్యి ఊరుకోదు" అంది.

తీసుకున్నాను.

"ఎన్నాల్లే?"

"జూన్ ఆఖరు దాకా."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. జూన్ దగ్గర వేలు ఆగింది. ఆ నెలలో ఏముందో ఆమెకి నేను చెప్పక్కర్లేదు. "అలగే" అని, నీళ్ళు తాగి, బస్సు దొరకదని వెళ్ళిపోయింది. సారీ చెప్పాలని నోటి దాకా వచ్చింది. మా ఇంట్లో ఆ మాట అలవాటు లేదు, మింగేశాను. సాయంత్రం బావ వచ్చాక ఆ పాస్‌బుక్కు చూపించి భోరుమన్నాను.

ఆ ఆర్నెల్లూ డబ్బు కదల్లేదు. మేమే కదిలాం. బావ ఓడ లేని నెలల్లో స్టీలు ప్లాంటు వైపు దినకూలికి వెళ్ళాడు. నేను సెలవు రోజుల్లో ఇళ్ళకెళ్ళి ముసలివాళ్ళకి ఇంజెక్షన్లు చేశాను. పిల్ల స్కూలు ఫీజు ఒకసారి ఆలస్యమైంది, పిల్లని క్లాసులో నిలబెట్టారు. పదిహేను లక్షలున్న వాళ్ళ పిల్ల! ఆ పూట ఖాతాలోంచి తీసి టీచరు మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. అమ్మ చెయ్యి ఊరుకోదంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

జూన్ వచ్చింది. నిషేధం ఎత్తెయ్యడానికి నాలుగు రోజుల ముందు తమ్ముడు మా ఇంటికొచ్చాడు. ఇంజను బాగుచేయించడానికే చేతిలో ఉన్నదంతా అయిపోయింది. డీజిలుకి లేదు.

"అక్కా, తొమ్మిది రోజులే" అన్నాడు.

"లేదురా."

"వారానికి తెచ్చీడానికి సూత్తాను. ఏడు రోజులు."

"ఒక్క రోజు కూడా లేదురా. ఒక్క రోజు తగ్గినా మమ్మల్ని రానివ్వరు."

వాడు దెబ్బలాడతాడేమోనని ఎదురుచూశాను. దెబ్బలాడితే బాగుండేది. "సర్లే, సావుకారున్నాడు కదా" అని, మేనకోడలి బుగ్గ గిల్లి వెళ్ళాడు. ఆ రోజు అన్నం సహించలేదు. నేను తప్పు చేశానని కాదు, చెయ్యలేదు. అయినా సహించలేదు.

బోటు తిరిగొచ్చే తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. చూడాలి అనుకున్నాను, నా బ్యాలెన్సు నిలబడటానికి ఎవరు ఏం ఇస్తున్నారో నా కళ్ళతో చూడాలి. తమ్ముడి బోటు మంచి రొయ్య తెచ్చింది. ఒక్కోటి నా చెయ్యంత. ట్రేలు ఒడ్డుకి చేరాయి. షావుకారు మనిషి వచ్చి, ట్రేలో చెయ్యి పెట్టి కదిపి, ఒక ధర చెప్పాడు. పక్క బోటు దగ్గర అదే సైజు రొయ్యకి వేలం అప్పటికే దాని మీద కిలోకి నూట యాభై దాటి పైకి పోతోంది. మాకు వినబడుతూనే ఉంది.

మా బోటుకి వేలం లేని రోజున పక్క బోట్లకైనా పాడేది, ముప్పయ్యేళ్ళుగా ఆ ఒడ్డున మా అమ్మ గొంతు వినని పొద్దు లేదు. జ్వరమొస్తే కూడా పాడేది. ఆ రోజు ట్రేల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. పెదవి కదపలేదు. షావుకారు మనిషి ట్రేలు ఎత్తించుకుపోతుంటే, కింద పడ్డ ఒక రొయ్య తీసి అతని ట్రేలోనే వేసింది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వెందుకొచ్చావ్? డ్యూటీ లేదేటి? ఎల్లు, ఎల్లు" అంది.

మనం వెళ్ళగలమా, తాహతుందా అని రెండేళ్ళుగా లెక్కలేస్తున్నాను. ఆ తాహతు అదిగో, అక్కడ నోరు మూసుకుని నిలబడింది. ఆ పొద్దున్నే, చేపల నీళ్ళలో చెప్పులు తడుస్తుండగా, ఒట్టు పెట్టుకున్నాను. ఇంతా అయ్యాక వెళ్ళకుండా ఉండేది లేదు. వెళ్ళాక, మా అమ్మ మళ్ళీ ఆ ఒడ్డున ఒకడి ధరకి తల ఊపేదీ లేదు.

జులైలో దరఖాస్తు వేశాం. డిసెంబరులో ముగ్గురికీ అనుమతి వచ్చింది. ఫిబ్రవరిలో బయల్దేరాం. సాగనంపడానికి వచ్చిన పెద్దమ్మ ఊరుకుంటుందా, "ఏరు దాటీదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఎవల్ని సూడలేదు" అంది. ఈసారి జవాబు చెప్పలేదు. జవాబుకి ఇంకా నాలుగు నెలల టైముందని మనసులో అనుకున్నాను. అమ్మ ఏడవలేదు. పిల్లకి స్వెట్టరు గుండీలు పెట్టి, "తిండి తినీయండి, డబ్బులు ఆదా సేత్తన్నామని కడుపులు మాడ్సుకోకండి" అంది.

ఇక్కడ మేమేమీ రాజ్యాలేలడం లేదు. నేను ముసలివాళ్ళ హోములో పని చేస్తున్నాను, ఇక్కడి నర్సు లైసెన్సు రావడానికి ఇంకా పరీక్షలున్నాయి. బావ వెల్డింగు పరీక్ష తేదీ కోసం ఎదురుచూస్తూ గోడౌన్లో పెట్టెలు మోస్తున్నాడు. ఆ పదిహేను లక్షలు విమానం టిక్కెట్లకీ అద్దె అడ్వాన్సుకీ చలిబట్టలకీ మూడు నెలల్లో ఏడుకి దిగిపోయాయి. అందులోంచి మే ఆఖర్లో మూడు తీసి తమ్ముడికి పంపుతున్నానని చెబితే బావ మొదటిసారి నా మీద గొంతు లేపాడు.

"అద్దె ఎక్కడ్నుంచి కడతామే? నాకు పని పోతే? పిల్లకి ఒంట్లో బాగోకపోతే?"

"తొమ్మిది రోజులు బావా."

"సముద్రం. తుఫానొస్తే?"

"వొస్తే రానీ. నా డబ్బు ఇంక ఎవడికీ సూపించక్కర్లేదు. ఎవడూ లెక్కెట్టడు. అది కూకున్నది సాలు, ఇంక పనికెల్తాది."

ఆయన వెళ్ళి ఫోను ఛార్జింగులోంచి తీసి నా చేతికిచ్చాడు. "పంపీ. అత్తకి నా పేరు కూడా సెప్పు" అన్నాడు.

నిషేధం ఎత్తేసిన రోజు అమ్మ ఫోన్ చేసింది. "ఒలే, నీ డబ్బు ఎల్లిందే" అంది. అంతే, పెట్టేసింది. ఆ తొమ్మిది రోజులూ నేను ఫోన్లో గాలీ వానా చూస్తూ బతికాను. భయపడలేదని అబద్ధం చెప్పను. ఒకరోజు ఉత్తరాన మబ్బు చూపిస్తే పని మధ్యలో అరగంటకోసారి ఫోన్ తీసి చూశాను.

విశాఖలో తెల్లవారుతుంటే ఇక్కడ ముందురోజు సాయంత్రం. పదో రోజు, పని నుంచి ఇంటికొస్తూ బస్సులో ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు. హలో అంటే పలకలేదు. చుట్టూ గోల, ఇంజన్లు, ఐసు కొట్టే చప్పుడు. వాడు ఫోను పైకెత్తి పట్టుకున్నట్టున్నాడు. ఆ గోల మధ్యలోంచి వచ్చింది, మా అమ్మ గొంతు.

"నాలుగొందల ఇరవై! నాలుగొందల ఇరవైకి ఇచ్చీడానికి ఇవి పీతలేటి? సూడు, సెయ్యెట్టి సూడు! నలబై... ఎవలే, ఎవల్రా పైన? అరవై! నాలుగొందల అరవై!"

ఈ దేశంలో బస్సులో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. నేను ఫోను స్పీకర్లో పెట్టి, సౌండు పూర్తిగా పెంచాను.